‘చెప్పలేం’ కూడా జవాబే

ముందుగా ఈ రెండు వాక్యాలు చదవండి. ‘ఒక పట్టణంలోని ఆసుపత్రిలో నిరుడు నర్సుల సంఖ్య పెరిగింది. అదే ఏడాది అక్కడ రోగులు సగటున ఉండే రోజులు తగ్గాయి.’ ఇప్పుడు వీటి మీద ఒక మాట: ‘నర్సులు పెరగడం వల్ల రోగులు త్వరగా ఇళ్ళకు వెళ్ళారు.’ ఇది నిజమా, అబద్ధమా, చెప్పలేమా?

చప్పున ‘నిజం’ అనే అనిపిస్తుంది. నర్సులు ఎక్కువమంది ఉంటే రోగిని బాగా చూసుకుంటారు, త్వరగా కోలుకుంటాడు. ఇందులో తప్పేముంది? కానీ సరైన జవాబు ‘చెప్పలేం’. ఒకటి పెరిగిందన్నారు, ఇంకొకటి తగ్గిందన్నారు. దీనివల్లే అది జరిగిందని ఎక్కడా అనలేదు. కొత్త మందేదో వచ్చి ఉండొచ్చు. మంచాలు చాలక తొందరగా పంపేసి ఉండొచ్చు. మధ్యలో ఉన్న ఆ ఖాళీని మన ఊహతో మనమే పూడ్చేశాం.

ఇది నేను రాసిన నమూనా ప్రశ్న. ఇలాంటివి బ్రిటన్‌లో ఏటా జులై నుంచి సెప్టెంబరు దాకా వేలాదిమంది పదిహేడేళ్ళ పిల్లలకు ఎదురవుతాయి, ఒక్కోదానికి అర నిమిషం వ్యవధితో. డాక్టరో, పళ్ళ డాక్టరో కావాలంటే దాటాల్సిన తొలి గడప ఇది. పేరు యూక్యాట్, అంటే యూనివర్సిటీ క్లినికల్ ఆప్టిట్యూడ్ టెస్ట్. ఈ పరీక్ష గురించి తెలుగు ఇళ్ళలో నడిచే మాటల్లో స్కోర్లు, కోచింగులు, కటాఫ్‌లే ఎక్కువగా వినపడతాయి. నాకు మాత్రం అసలు సంగతి ఆ మూడో జవాబు దగ్గరే ఉందనిపిస్తుంది. తనకు తెలిసింది ఎక్కడితో అయిపోయిందో గుర్తుపట్టి, అక్కడ ఆగి, ఆ మాట పైకి అనగలిగిన మనిషి కోసం ఈ పరీక్ష వెతుకుతోంది. మన చదువుల్లో ఆ గుణానికి మార్కులు పడటం అరుదు.

సిలబస్ లేని చదువు

గుంటూరులోనో, కర్నూలులోనో, కాకినాడ రంగరాయలోనో, వరంగల్ కాకతీయలోనో ఎంబీబీఎస్ చేసి, విదేశీ డాక్టర్లకు బ్రిటన్ పెట్టే ప్లాబ్ పరీక్ష రాసి, బ్రిటన్‌లోని జాతీయ ఆరోగ్య సేవలో, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరిన తెలుగు డాక్టర్ల పిల్లలు ఇప్పుడు ఈ పరీక్ష రాసే వయసుకు వచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్ళిన వాళ్ళ పిల్లలూ అంతే. ఈ తల్లిదండ్రుల్లో చాలామంది ఎంసెట్ కాలం మనుషులు. 1986లో మొదలైన ఆ పరీక్ష ఒక తరం మొత్తానికి చదువంటే ఏమిటో నేర్పింది. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ అక్షరం పొల్లు పోకుండా చదవాలి, వచ్చిందంతా పేపరు మీద పెట్టాలి. 2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో వైద్య సీట్లన్నీ నీట్ ద్వారానే భర్తీ అవుతున్నా పద్ధతి మాత్రం అదే.

అలాంటి తండ్రి కూతురి కోసం యూక్యాట్ సిలబస్ వెతకడం మొదలుపెడితే మొదటి రోజే అయోమయంలో పడతాడు. సిలబస్ అనేదే లేదు. కణం గురించి, గుండె గురించి, ఆమ్లాలు, క్షారాల గురించి ఒక్క ప్రశ్నా ఉండదు. అవన్నీ బ్రిటన్ ఇంటర్ అనదగ్గ ‘ఏ లెవెల్స్’లో ఎలాగూ చూస్తారు. ఈ పరీక్ష చూసేది వేరు: చదివినదాన్ని చదివినట్టు అర్థం చేసుకోవడం, వాదనలో పస ఉందో లేదో పట్టుకోవడం, లెక్క తేల్చడం, మనుషుల మధ్య చిక్కు వస్తే ఎలా నడుచుకోవాలో తెలియడం.

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. యూక్యాట్‌లో 184 ప్రశ్నలు, 111 నిమిషాలు. నీట్‌లో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, ఇక్కడ తప్పుకు శిక్ష లేదు. పిల్లలను ఎలా సిద్ధం చేయాలనే ఆలోచనంతా ఈ రెండు తేడాలతోనే తలకిందులవుతుంది. నీట్‌కు తెలియనిదాన్ని ముట్టుకోకపోవడం క్షేమం. ఇక్కడ ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు, ఏ ప్రశ్న దగ్గరా ఎక్కువసేపు ఉండిపోకూడదు. రాకపోతే ఏదో ఒక జవాబు నొక్కి, గుర్తు పెట్టుకుని ముందుకు పోవాలి. క్లాసులో మొదటి ర్యాంకు పిల్లలకు ఇది చాలా కష్టం. పట్టిన లెక్కను తేల్చందే వదలకపోవడం వాళ్ళకు చిన్నప్పటి నుంచీ మెప్పు తెచ్చిన గుణం. ఆ గుణమే ఇక్కడ తరవాతి నాలుగు ప్రశ్నలను మింగేస్తుంది.

ఆ రెండు గంటలు

పరీక్ష జరిగేది కంప్యూటర్ కేంద్రంలో. పియర్సన్ వ్యూ అనే సంస్థ ఈ కేంద్రాలను నడుపుతుంది. ఇండియాలోనూ ఉన్నాయి. లోపలికి వెళ్ళే ముందు ఫోను, గడియారం, సంచి లాకరులో పెట్టాలి. జేబులు బయటికి తీసి చూపించాలి, కళ్ళద్దాలు కూడా ఒకసారి తీసి చూపమంటారు. లోపల కాగితం, పెన్ను ఉండవు. చెరిపి రాసుకునే అట్టలాంటి పలక ఒకటి, మార్కరు ఒకటి ఇస్తారు. పక్క సీట్లో కూర్చున్న మనిషి వేరే ఉద్యోగానికో, వేరే లైసెన్సుకో పరీక్ష రాస్తూ ఉండొచ్చు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద సాధన చేసిన పిల్లలు అక్కడ తెర మీద కనిపించే చిన్న క్యాలిక్యులేటర్‌ను అంకెల మీటలతో నడపడానికి తడబడతారు. చిన్న సంగతే, కానీ ముందే ఒక మామూలు కీబోర్డు కొని పెడితే ఈ తడబాటు ఉండదు.

మొదటి భాగం వెర్బల్ రీజనింగ్. 11 పేరాలు, ఒక్కో పేరాకు 4 ప్రశ్నలు, మొత్తానికి 22 నిమిషాలు. అంటే ఒక పేరా చదివి నాలుగు జవాబులు ఇవ్వడానికి రెండు నిమిషాలు. దాదాపు ఏటా సగటు స్కోరు అన్నిటికంటే ఇక్కడే తక్కువ. ‘చెప్పలేం’ అనే జవాబు వచ్చేదీ ఇక్కడే. విషయం మీద ముందే అవగాహన ఉన్న పిల్లలు ఎక్కువగా పడిపోయేదీ ఇక్కడే, ఎందుకంటే వాళ్ళు పేరాలో ఉన్నదానికి తమకు తెలిసినదాన్ని కలిపేస్తారు. రోగి చెప్పింది సగం విని మిగతాది తానే పూరించుకునే డాక్టరు దగ్గర మనలో చాలామందిమి కూర్చుని వచ్చినవాళ్ళమే. ఈ అర నిమిషం ప్రశ్న ఆ అలవాటును ముందే పట్టుకోవాలని చూస్తోంది.

రెండోది డెసిషన్ మేకింగ్, 37 నిమిషాల్లో 35 ప్రశ్నలు. తర్కం, సంభావ్యత, వలయాల బొమ్మలు, వాదనల బలాబలాలు ఉంటాయి. ‘పళ్ళు పుచ్చిపోకుండా ఉండాలంటే తీపి పానీయాల మీద పన్ను వేయాలా?’ అని అడిగి నాలుగు వాదనలు ఇస్తారనుకోండి. ఒకటి తయారీ కంపెనీల కష్టం గురించి, ఒకటి తల్లిదండ్రుల బాధ్యత గురించి, ఒకటి ఊబకాయం గురించి. నాలుగోది మాత్రం ధర పెరిగితే పిల్లలు తాగే చక్కెర తగ్గుతుందని, చక్కెర తగ్గితే పుచ్చు తగ్గుతుందని అంటుంది. మనసు కదిలించే వాదన ఏదైనా కావచ్చు. బలమైనది మాత్రం అడిగిన ప్రశ్నను విడిచిపోనిదే. బ్రిటన్ ఈ పన్నును నిజంగానే 2018 ఏప్రిల్ నుంచి వసూలు చేస్తోంది.

మూడోది క్వాంటిటేటివ్ రీజనింగ్. పదో తరగతి దాటని లెక్కలే, కానీ 26 నిమిషాల్లో 36. రోగి బరువు 60 కిలోలు. రోజుకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున మందును మూడు పూటలుగా ఇవ్వాలి. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో 250 మిల్లీగ్రాముల మందుంది. పూటకు ఎన్ని మిల్లీలీటర్లు? జవాబు 6. ఎక్కాలు నోటికి వచ్చిన పిల్లలకు ఇది ఇష్టమైన భాగం. మన ఇళ్ళలో దీనికి పెద్దగా భయపడరు. నేనూ దీని మీద ఎక్కువ చెప్పను.

2024 దాకా ఇంకో భాగం ఉండేది, ఆబ్‌స్ట్రాక్ట్ రీజనింగ్. చుక్కలు, బాణాలు, త్రిభుజాల బొమ్మల గుంపులు రెండు చూపించి, కొత్త బొమ్మ ఏ గుంపుకు చెందుతుందో చెప్పమనేవారు, 12 నిమిషాల్లో 50. ఒక్కోదానికి 14 సెకన్లు. కోచింగ్‌కు ఇది తేలిగ్గా లొంగుతుందన్న విమర్శ చాలాకాలం నడిచింది. వైద్య విద్యలో ఎవరు రాణిస్తారో సూచించే శక్తి కూడా మిగతా భాగాలకంటే దీనికి తక్కువ. 2025లో దీన్ని పూర్తిగా తీసేశారు. అంతకుముందు 3600కు ఉండే మొత్తం స్కోరు ఇప్పుడు 2700కు తగ్గింది. పాత పుస్తకాలు, పాత కటాఫ్‌లు పట్టుకుని కంగారుపడే వాళ్ళు ముందు ఈ మార్పును గమనించాలి.

సుద్ద, సబ్బు, అంతకుముందు

పాఠాల మార్కులతోనే సరిపెట్టకుండా ‘ఈ పిల్లాడు డాక్టరు కాగలడా?’ అని కొలవాలన్న ఆలోచన బ్రిటన్‌ది కాదు, ఈనాటిదీ కాదు. 1920లలో అమెరికాలో వైద్య కళాశాలల్లో చేరినవాళ్ళలో చాలామంది మధ్యలోనే మానేసేవారు. కొన్ని కాలేజీల్లో అది సగం దాకా ఉండేది. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడ్ మాస్ దానికి విరుగుడుగా ఒక పరీక్ష తయారుచేశాడు. 1928లో మొదలైన ఆ పరీక్షలో సైన్సు పరిజ్ఞానంతోపాటు జ్ఞాపకశక్తి, చదివి అర్థం చేసుకునే శక్తి, తర్కం కూడా ఉండేవి. ఇప్పటి అమెరికా వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కు అదే తాతముత్తాత.

పళ్ళ డాక్టర్ల కథ ఇంకా ఆసక్తికరం. అమెరికాలో డెంటల్ ప్రవేశ పరీక్షలో 1972 దాకా సుద్దముక్కను చెక్కే భాగం ఉండేది. బొమ్మలో చూపిన కొలతలకు సరిపోయేలా, అంచులు తిన్నగా వచ్చేలా కత్తితో చెక్కాలి. తరవాత దాని స్థానంలో కాగితం మీద ఆకారాలను గుర్తుపట్టే పరీక్ష వచ్చింది. కెనడాలో సుద్దకు బదులు సబ్బు. అక్కడి పిల్లలు సబ్బుబిళ్ళ చెక్కడం సాధన చేయడం ఇటీవలి దాకా సాగింది. పన్ను లోపల మిల్లీమీటరులో పదో వంతు తేడాతో పనిచేయాల్సిన చేతికి స్థిరత్వం ఉందో లేదో చూడాలనుకోవడం సబబే అనిపిస్తుంది నాకు. యూక్యాట్‌లో అలాంటిదేమీ లేదు. డెంటల్ సీటుకైనా, మెడికల్ సీటుకైనా ఒకటే ప్రశ్నపత్రం. కొన్ని డెంటల్ కళాశాలలు మాత్రం ఇంటర్వ్యూలో తీగ వంచమనడం వంటి చేతిపనులు ఇచ్చి ఈ లోటు తీర్చుకుంటాయి.

బ్రిటన్‌కు ఈ అవసరం వచ్చింది మార్కులు పెరగడం వల్ల. వైద్యానికి దరఖాస్తు చేసే పిల్లల్లో దాదాపు అందరికీ ‘ఏ’ గ్రేడులే ఉన్నప్పుడు ఎవరిని పిలవాలి? ‘ఏ’ పైన స్టార్ గ్రేడు 2010 దాకా లేదు. అందుకే 2003లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి కొన్ని విశ్వవిద్యాలయాలు బీమ్యాట్ పెట్టుకున్నాయి. 2006లో మిగతావాటిలో చాలా భాగం కలిసి యూకేక్యాట్ మొదలుపెట్టాయి. 2019లో దానికే యూక్యాట్ అని పేరు మారింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఆ ఏడాదే తమ పాత పరీక్ష యూమ్యాట్‌ను వదిలి ఇందులోకి వచ్చాయి. 2023తో బీమ్యాట్ ఆగిపోయింది. మెల్‌బోర్న్‌లోని తెలుగు పిల్లకూ, మాంచెస్టర్‌లోని తెలుగు పిల్లకూ ఇప్పుడు దాదాపు ఒకే గడప.

పెద్ద డాక్టరుకు చెప్పడమా?

చివరి భాగం ఎస్‌జేటీ, సిచువేషనల్ జడ్జ్‌మెంట్ టెస్ట్. 26 నిమిషాల్లో 69 ప్రశ్నలు. దీనికి అంకెల్లో స్కోరు ఉండదు, 1 నుంచి 4 దాకా బ్యాండ్లు ఉంటాయి. 1 అన్నిటికంటే మేలు. మొత్తంలో కలవదు కాబట్టి ఇళ్ళల్లో దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ‘మంచి పిల్లాడివి, మంచి జవాబే పెడతావులే’ అనేస్తారు. నాకైతే ఈ పరీక్ష మొత్తంలో డాక్టరు పనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలకు అన్నిటికంటే కష్టమైనదీ ఇదే కావచ్చు.

ఒక సందర్భం చూడండి. వార్డు రౌండ్లో కన్సల్టెంట్, అంటే పెద్ద డాక్టరు, ఒక రోగిని పరీక్షించి, చేతులు శుభ్రం చేసుకోకుండా పక్క మంచం దగ్గరికి వెళ్తున్నారు. వెంట ఉన్నది ఒక వైద్య విద్యార్థి. ఏం చేయాలి? కింద కొన్ని పనులు ఇచ్చి ఒక్కోదాన్నీ తూచమంటారు: చాలా సముచితం, సముచితమే కానీ ఉత్తమం కాదు, అనుచితమే కానీ మరీ ఘోరం కాదు, పూర్తిగా అనుచితం. ఏమీ అనకుండా ఊరుకోవడం. రౌండ్ అయ్యాక పక్కకు పిలిచి మెల్లగా చెప్పడం. రెండో రోగిని ముట్టుకోకముందే, అందరి ముందూ పరువు పోయేలా కాకుండా, మర్యాదగా గుర్తుచేయడం. వారాంతంలో కాలేజీకి ఫిర్యాదు రాయడం.

మన పిల్లలు మొదటిది తప్పని వెంటనే పట్టుకుంటారు. చిక్కల్లా రెండోదాంట్లో ఉంది. రౌండ్ అయ్యాక ఒంటరిగా చెప్పడం మనకు మర్యాదల్లో మర్యాదగా కనిపిస్తుంది. పెద్దవారి గౌరవం నిలబడింది, చెప్పాల్సిందీ చెప్పాం. కానీ ఈలోగా రెండో మంచం మీది మనిషికి మొదటి మంచం మీది సూక్ష్మజీవి అంటుకుంటే? ఆపాల్సిన ప్రమాదం ఆ నిమిషంలోనే ఉంది. కాబట్టి మాట కూడా ఆ నిమిషంలోనే రావాలి. ‘పెద్దలకు ఎదురు చెప్పకూడదు’ అని పెంచిన ఇంట్లోంచి వచ్చిన పదిహేడేళ్ళ అమ్మాయి ఇరవై రెండు సెకన్లలో ఆ పెంపకాన్ని ఒక పక్కన పెట్టి రోగి వైపు నిలబడాలి.

ఈ ప్రశ్న గాల్లోంచి పుట్టింది కాదు. 1990ల తొలి సంవత్సరాల్లో బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తుమందు వైద్యుడు గమనించాడు, పైవాళ్ళకు చెప్పాడు. వినేవాళ్ళు దొరకడానికి ఏళ్ళు పట్టింది. ఇయాన్ కెనడీ అధ్యక్షతన జరిగిన విచారణ 2001లో నివేదిక ఇచ్చింది. 1991 నుంచి 1995 దాకా అక్కడ ఏడాదిలోపు పిల్లలు ఉండాల్సిన సంఖ్యకంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని తేల్చింది. 2013లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి మీద వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక కూడా రోగులు నరకం చూస్తుంటే నోరు మెదపని వ్యవస్థ గురించే చెప్పింది. బ్రిస్టల్ సంగతి బయటపెట్టిన బోల్సిన్ అక్కడి విచారణకు ముందే ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఈ కథలు తెలిసిన పిల్లలకు ఎస్‌జేటీ నీతి పాఠంలా అనిపించదు. ఎవరో ఒకరు సమయానికి నోరు తెరిస్తే ఏ పసిబిడ్డ బతికేదో వాళ్ళకు కనపడుతుంది.

ఇంకో సందర్భం. ఇది మనకు మరీ దగ్గరిది. ఒక పెద్దావిడకు క్యాన్సర్ అని పరీక్షల్లో తేలింది. ఆవిడకు ఇంకా చెప్పలేదు. కొడుకు వచ్చి వైద్య విద్యార్థిని పట్టుకుని, ‘అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు’ అంటాడు. ఆ విద్యార్థి తెలుగువాడే అనుకోండి. ఆ కొడుకు కళ్ళల్లో వాడికి తన నాన్న కనిపిస్తాడు. ఊళ్ళో నాయనమ్మ విషయంలో ఇంట్లో అందరూ కలిసి చేసింది సరిగ్గా అదే. డాక్టరు గారూ ఒప్పుకున్నారు. నాయనమ్మ ఏ జబ్బుతో పోయిందో తెలియకుండానే పోయింది. అందరూ అది ప్రేమ అనే అనుకున్నారు, ప్రేమే కూడా.

బ్రిటన్ వైద్య నియమాల ప్రకారం ఆ పెద్దావిడ నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నంతకాలం ఆ సమాచారం ఆవిడది. కొడుకు అడిగినంత మాత్రాన దాన్ని దాచిపెట్టలేరు. విద్యార్థి ‘సరే’ అనకూడదు, తొందరపడి తానే వెళ్ళి ఆవిడకు చెప్పేయనూ కూడదు. కొడుకు బాధ విని, తాను మాట ఇవ్వలేనని నెమ్మదిగా చెప్పి, విషయాన్ని వైద్య బృందం దృష్టికి తీసుకెళ్ళాలి. అసలు ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ఆవిడనే అడగాలి. ఇక్కడ కూడా విద్యార్థికి కావాల్సింది తన హద్దు తెలియడమే: ‘ఇది నేను తేల్చగలిగింది కాదు, తేల్చేవాళ్ళకు చెప్పాలి.’

ఇలాంటి ప్రశ్నలకు మాక్ టెస్టులు ఎన్ని చేయించినా కొంతే లాభం. జవాబుల తీరు పట్టుబడుతుంది, మనసుకు ఎక్కదు. రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ రెండో ప్రశ్న గురించి నిజాయితీగా వాదించుకుంటే ఎక్కువ లాభం అంటాను. అమ్మమ్మ ఉంటే ఆవిడనే అడగండి, ‘నీకైతే చెప్పమంటావా?’ అని. చాలామంది చెప్పమనే అంటారని నా నమ్మకం.

ఎవరికి తేలిక, ఎవరికి భారం

తెలివిని కొలిచే పరీక్ష కాబట్టి డబ్బుతో, హోదాతో పని లేదని మొదట్లో అనుకున్నారు. నిజం కొంచెం చిక్కుగా ఉంది. 2006లో రాసిన వాళ్ళ స్కోర్లు పరిశీలించి 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రైవేటు స్కూళ్ళ, పరీక్ష పెట్టి చేర్చుకునే గ్రామర్ స్కూళ్ళ పిల్లలకు, పై వర్గాల పిల్లలకు, మగపిల్లలకు ఈ పరీక్షలో మొగ్గు ఉందని చెప్పింది. అదే పత్రికలో 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం మాత్రం, స్కోరును గట్టి కొలతగా వాడిన విశ్వవిద్యాలయాల్లో వెనకబడిన వర్గాల పిల్లలకు సీటు దొరికే అవకాశం కొంత మెరుగుపడి ఉండొచ్చని తేల్చింది. రెండూ నిజం కావచ్చు. స్కోరులో మొగ్గు ఉంది. కానీ స్కోరు లేనిచోట, ఏ ఆసుపత్రిలో ఎవరికి తెలిసినవాళ్ళున్నారు, దరఖాస్తులో వ్యాసం ఎవరు దిద్దిపెట్టారు అన్నవాటి మొగ్గు అంతకంటే ఎక్కువ కావచ్చు.

తరవాతి చదువును ఈ స్కోరు ఎంతవరకు సూచిస్తుందంటే, కొద్దిగానే. 12 వైద్య కళాశాలల్లో 4,811 మంది మొదటి ఏడాది ఫలితాలతో పోల్చి చూసిన 2013 నాటి అధ్యయనంలో స్కోరుకూ ఫలితాలకూ సంబంధం ఉంది కానీ చిన్నదే. బడిలో వచ్చిన మార్కులే దానికంటే బాగా సూచించాయి. పిల్లల భవిష్యత్తు మొత్తం ఈ రెండు గంటల్లో తేలిపోతుందని ఇంట్లో ఎవరైనా అంటే, ఈ ఒక్క వాక్యం వాళ్ళకు చదివి వినిపించాలి.

మన వాళ్ళ మధ్య కూడా తేడా ఉంది. అమ్మానాన్నలు డాక్టర్లయిన ఇంట్లో వార్డు రౌండ్, కన్సల్టెంట్, రోగి సమ్మతి వంటి మాటలు పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెవిన పడుతుంటాయి. గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేసే తండ్రి ఇంట్లో ఆ మాటలు ఉండవు. అలాంటి పిల్లలకు ఈ పరీక్ష ఉందన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. బ్రిటన్‌లో పరీక్ష రుసుము 70 పౌండ్లు. ఇంటి ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు బర్సరీ అనే సాయం ఉంది, దానికి ఆమోదం వస్తే రుసుమే కట్టనక్కర్లేదు. కానీ దానికి ముందే దరఖాస్తు చేసి వోచరు తెచ్చుకుని, తరవాత పరీక్ష తేదీ ఖాయం చేసుకోవాలి. ఏటా 35 వేలమందికి పైగా రాసే పరీక్ష ఇది. తెలుగు సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు కలిసినప్పుడు ఈ వోచరు మాట ఒకసారి మైకులో చెప్పినా ఎవరో ఒక పిల్లకు దారి దొరుకుతుంది.

కోచింగ్ విషయానికి వస్తే, పరీక్ష నిర్వాహకులే పూర్తి నమూనా పరీక్షలను, ప్రశ్నల నిధిని ఉచితంగా ఇస్తున్నారు. అసలు పరీక్షలో కనిపించే తెరే అక్కడా కనిపిస్తుంది. ఆరేడు వారాలు రోజూ గంటన్నర కూర్చుంటే చాలామందికి సరిపోతుంది. ఎనిమిదో తరగతి నుంచే యూక్యాట్ ఫౌండేషన్ అంటూ పిల్లలను చేర్పించే ధోరణి మన వాళ్ళలో మొదలైతే అది నిజంగా విచారించాల్సిన విషయం. ఆ వయసులో పిల్లలకు కథల పుస్తకాలు, పత్రికలు చదివే అలవాటు చేస్తే వెర్బల్ రీజనింగ్ తనంతట తానే వస్తుంది, చదువు మీద ఇష్టం కూడా చావదు.

స్కోరు వచ్చిన రాత్రి

ఏడాదికి ఒక్కసారే రాయాలి. ఒంట్లో బాగా లేకపోతే వెళ్ళకుండా తేదీ మార్చుకోవాలి. కూర్చున్నాక జ్వరం వల్ల చెడిందంటే వినరు. ఫలితం ఒక రోజులోపే వచ్చేస్తుంది. బీమ్యాట్ రోజుల్లో చాలామంది దరఖాస్తు పెట్టాక పరీక్ష రాసేవాళ్ళు, గుడ్డిగా విశ్వవిద్యాలయాలను ఎంచుకునేవాళ్ళు. ఇప్పుడు స్కోరు చేతిలో పెట్టుకుని, అక్టోబరు 15 గడువులోపు నాలుగు కళాశాలలు ఎంచుకోవచ్చు. ఈ అవకాశాన్ని చాలా ఇళ్ళు సరిగ్గా వాడుకోవు. పేరున్న కళాశాల మీద మోజుతో, అక్కడ ఈ స్కోరుకు పిలుపు రాదని తెలిసీ ఒక గడి వృథా చేస్తారు. కొన్ని కళాశాలలు ఇంటర్వ్యూకు పిలవడానికి స్కోరునే ప్రధానంగా చూస్తాయి. కొన్ని బడి మార్కులకు పెద్దపీట వేస్తాయి. కొన్ని ఎస్‌జేటీలో 4వ బ్యాండ్ వస్తే మిగతావేమీ చూడవు. ఏది ఎలా చూస్తుందో వాటి సొంత ప్రవేశ నియమాల్లో రాసి ఉంటుంది. ఆ కాగితాలు తల్లిదండ్రులు ఒక సాయంత్రం కూర్చుని చదివి పెడితే, నెలల తరబడి ఇచ్చే సలహాలకంటే ఎక్కువ మేలు.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉండి బ్రిటన్‌లో చదవాలనుకునే పిల్లలకు రెండు విషయాలు. ఇండియాలో రాస్తే రుసుము 115 పౌండ్లు. అది చిన్న సంగతి. చదువు ఖర్చు చాలా చోట్ల ఏడాదికి 40 వేల పౌండ్లు దాటుతుంది, విదేశీ విద్యార్థులకు సీట్లూ కొద్దిగానే ఉంటాయి. రెండోది మరీ ముఖ్యం. విదేశంలో ఎంబీబీఎస్ చేసి తిరిగి వచ్చి ఇండియాలో వైద్యం చేయాలంటే, వెళ్ళే ముందే నీట్‌లో అర్హత సాధించి ఉండాలి. 2018 నుంచి ఇది నియమం. యూక్యాట్ ఉంది కదా అని నీట్ మానేసినవాళ్ళకు ఇంటి దారి మూసుకుపోతుంది.

స్కోరు తగ్గినా, పిలుపు రాకపోయినా దారులున్నాయి. ఈ స్కోరు ఆ ఏడాదికే చెల్లుతుంది, మళ్ళీ జులైలో కొత్తగా రాయొచ్చు. మధ్యలో ఆ ఏడాదిని వృద్ధాశ్రమంలోనో, ఆసుపత్రిలోనో సహాయకులుగా పనిచేసి గడిపే పిల్లలున్నారు. లేకపోతే వేరే డిగ్రీ చేసి, నాలుగేళ్ళ గ్రాడ్యుయేట్ వైద్య కోర్సుకు వెళ్ళొచ్చు. వార్విక్‌లో అలాంటివాళ్ళనే చేర్చుకుంటారు, అక్కడికీ యూక్యాటే కావాలి. స్వాన్సీ వంటి చోట్ల గామ్‌శాట్ అనే వేరే పరీక్ష ఉంటుంది. డెంటల్‌కు కూడా రెండోసారి దరఖాస్తు చేసి సీటు తెచ్చుకున్నవాళ్ళు కొత్తేమీ కాదు. స్కోరు వచ్చిన రాత్రే ఇవన్నీ మాట్లాడక్కర్లేదు. ఆ రాత్రికి పిల్లను కడుపునిండా తిని పడుకోనిస్తే చాలు. కాగితాలు రేపు తీయొచ్చు.